పరుగెత్తువారికి యోగసాధన

కాళిదాస మహాకవి కుమారసంభవములో ఒక సన్నివేశము కలదు. పార్వతీదేవి కఠోరమైన తపస్సులో ఉండగా పరమేశ్వరుడు బ్రహ్మచారి వేషములో వచ్చి ఆమెను కుశలప్రశ్నలు అడుగును. హోమమునకు సమిధలు, దర్భలు దొరకుచున్నవా, స్నానమునకు నీరు అనుకూలముగా ఉన్నదా అని విచారించి, శక్తికి తగినట్లే తపస్సు సాగుచున్నదా అని కూడ అడుగును. ధర్మమును సాధించుటకు మొదటి సాధనము శరీరమే కదా అని ఆ వెంటనే అనును. ఈ చివరి మాటను లోకము పదే పదే చెప్పుకొనును. దానికి ముందున్న ప్రశ్నను మాత్రము మరచిపోవును. ఆ మాట ఒక హెచ్చరికగా పుట్టినది. సంకల్పము ఎంత గొప్పదైనను, దానిని మోయు దేహము యొక్క శక్తిని ఎరిగి నడుచుకొనవలెనని దాని తాత్పర్యము.

పరుగును అభ్యసించువారికి ఈ ప్రశ్నయే మొదటి పాఠము.

ఈ నేలపై పరుగు

హైదరాబాదు నుండి ముంబయి వైపు పోవు 65వ నంబరు జాతీయ రహదారి రామచంద్రాపురము, పటాన్‌చెరు, ఇస్నాపూర్, కంది మీదుగా సంగారెడ్డి పక్కగా సాగును. ఒకప్పుడు చెరువులతో, జొన్నచేలతో నిండిన ఈ నేలపై 1960 దశకములో రామచంద్రాపురమున భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము వెలసినది. 1972లో మెట్ట పంటల పరిశోధనకై అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ ఏర్పడి పటాన్‌చెరులో స్థిరపడినది. ఆ దశకము నుండియే పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము పారిశ్రామిక వాడలుగా పెరుగుచు వచ్చినవి. 2008లో ఆరంభమైన ఐ.ఐ.టి. హైదరాబాదు నేడు కందిలో నడుచుచున్నది. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. పగలు, సాయంత్రము, రాత్రి అను మూడు షిఫ్టులకు కాలమును పంచి ఇచ్చిన కుటుంబములు ఇచ్చట వేలకొలది ఉన్నవి.

ఇట్టి చోట పరుగెత్తువారు మూడు విధములుగా కనిపింతురు. మధుమేహము వచ్చినదనియో, వచ్చునేమోననియో వైద్యుడు చెప్పగా నడక మొదలుపెట్టి మెల్లగా పరుగునకు వచ్చిన నడివయస్సువారు మొదటివారు. పాఠశాల, కళాశాలల తరఫున పోటీలకు పోవు క్రీడాకారులు రెండవవారు. మూడవవారు కొలువు కొరకు పరుగెత్తు యువతీయువకులు. పోలీసు నియామకములు రానున్నవని తెలిసినంతనే మైదానములు, ఊరి వెలుపలి దారులు వీరి అడుగులతో నిండిపోవును. వీరిలో చాలమంది పగలు చదువుకొందురు. కొందరు రాత్రి షిఫ్టు చేసి వచ్చి, నిద్రను పక్కకు నెట్టి పరుగెత్తుదురు. ఇంటి అప్పు, చెల్లెలి పెండ్లి, తల్లిదండ్రుల ఆశ ఆ పరుగుతో ముడిపడి ఉండును.

తెలంగాణలో 2022 నాటి పోలీసు నియామక నియమముల ప్రకారము పురుషులు 1,600 మీటర్లను 7 నిమిషముల 15 సెకన్లలో, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకన్లలో పూర్తిచేయవలసి ఉండెను. 400 మీటర్ల మైదానములో పురుషులకు ఇది నాలుగు చుట్లు. ఒక్కొక్క చుట్టును 108 సెకన్లలో ముగించినచో మొత్తము 432 సెకన్లు, అనగా 7 నిమిషముల 12 సెకన్లు అగును. మూడు సెకన్లు చేతిలో మిగులును. జపమాలలో పూసలెన్నియో చుట్టునకు సెకన్లన్ని అని గుర్తుంచుకొనిన చాలును. స్త్రీలకు రెండు చుట్లు, చుట్టునకు 160 సెకన్లు. నాలుగు చుట్లును ఒకే నిలకడతో పోవువాడు గట్టెక్కును. మొదటి చుట్టును 80 సెకన్లలో ముగించి చప్పట్లు అందుకొన్నవాడు మూడవ చుట్టులో నడకకు దిగును. గెలుపు ఓటములను తేల్చునది వేగము కంటె నిలకడయే అని ఈ చిన్న లెక్క తెలుపుచున్నది.

ఈ పరుగులో పోవునది కొలువొక్కటే కాదు. 2024లో జార్ఖండు రాష్ట్రమున ఆబ్కారీ కానిస్టేబుళ్ల నియామకమునకై జరిపిన 10 కిలోమీటర్ల పరుగులలో పది మందికి పైగా యువకులు ప్రాణములు కోల్పోయిరి. తెలుగునాటను ఇట్టి పరీక్షలలో కుప్పకూలి మరల లేవనివారు కలరు. శక్తికి తగినట్లే సాగుచున్నదా అను ప్రశ్న నేటికిని ప్రాణసమానమైనదే.

శేషుని స్థిరత్వము

యోగము పరుగునకు వేగమునిచ్చునని చెప్పుట అతిశయోక్తి. వేగము పరుగెత్తుట వలననే వచ్చును. యోగము ఇచ్చునది వేరు. దానిని తెలిసికొనుటకు పతంజలి మహర్షి ఆసనమును గూర్చి చెప్పినదానిని చూడవలెను.

స్థిరముగాను, సుఖముగాను ఉండుట ఆసనమునకు లక్షణమని ఆయన నిర్ణయించి, అది సిద్ధించుటకు రెండు ఉపాయములు చెప్పెను. ప్రయత్నమును సడలించుట మొదటిది. మనస్సును అనంతముపై నిలుపుట రెండవది. ఈ అనంతము ఏది అను విషయమున వ్యాఖ్యాతలలో భేదము కలదు. ఆకాశము వంటి హద్దులేనితనమని కొందరనగా, భూభారమును వహించు ఆదిశేషుడని వాచస్పతి మిశ్రుడు వివరించెను. పతంజలియే ఆదిశేషుని అవతారమని సంప్రదాయము చెప్పును. తిరుమల కొండను శేషాచలమని తలచి మొక్కు భక్తులకు ఈ భావము సులభముగా బోధపడును. శేషుడు పడగలపై భూమిని మోయును. అది కదలని స్థిరత్వము. ఆ శేషుడే శ్రీమన్నారాయణునకు మెత్తని శయ్యయై ఉండును, అది సుఖము. ఒకే దేహములో మోయు బలమును, పడకయగు మెత్తదనమును కలిసి ఉన్నవి. పరుగెత్తువారు సాధింపవలసినది ఇదియే.

శ్రీవైష్ణవ గురుపరంపరలో నాథమునులకు గొప్ప యోగిగా పేరు కలదు. దివ్యప్రబంధమును సేకరించి లోకమునకు అందించిన మహనీయుడాయన. ఆ పరంపరకే చెందినవాడనని చెప్పుకొనిన తిరుమలై కృష్ణమాచార్యులవారు 1888లో జన్మించి, 1930 దశకములో మైసూరు రాజాశ్రయమున యోగశాల నడిపి, 1934లో కన్నడమున యోగమకరందము ప్రకటించి, 1989లో పరమపదించిరి. ప్రపంచమునకు ఆసనములు నేర్పిన బి.కె.ఎస్. అయ్యంగారు ఆయన శిష్యులు. సాధకుని వయస్సు, వృత్తి, ఆరోగ్యము చూచి దానికి తగిన సాధన చెప్పవలెనన్నది కృష్ణమాచార్యులవారి పద్ధతి. ఎనిమిది గంటలు యంత్రము ముందు నిలుచువానికిని, ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చుండువానికిని ఒకే సాధన పనికిరాదు.

ప్రయత్నమును సడలించుట అనగా వేగమును తగ్గించుట అని భ్రమపడరాదు. చివరి చుట్టులో అలసినవానిని గమనించినచో విషయము తెలియును. అతని భుజములు చెవుల దాక లేచి ఉండును. పిడికిళ్లు బిగిసి ఉండును. పళ్లు కరచుకొని, నొసలు ముడివడి ఉండును. ఈ బిగింపులలో ఏ ఒక్కటియు అతనిని ముందుకు నడిపించదు. అయినను ప్రతి బిగింపును రక్తమునందలి ప్రాణవాయువును తన వంతుగా ఖర్చుచేయును. పనికిరాని ఈ ప్రయత్నమును గుర్తించి విడుచుట యోగమువలన అలవడును. మిగిలిన శక్తి కాళ్లకు చేరును.

శక్తిని చివరి వరకు నిలుపుకొనుట ఎంత విలువైనదో తెలంగాణ యువతి అగసర నందిని గెలుపులో చూడవచ్చును. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఆమె హెప్టాథ్లాన్ అను ఏడంశముల పోటీలో 5,712 పాయింట్లతో కాంస్య పతకమును గెలుచుకొనిరి. హర్డిల్సుతో మొదలై రెండు దినములు సాగు ఆ పోటీలో చివరిది 800 మీటర్ల పరుగు. ఆరంశములు ముగిసి దేహము అలసిన పిమ్మట పరుగెత్తవలసిన పరుగది. నాలుగవ స్థానమునకును ఆమెకును నడుమ తేడా 4 పాయింట్లు మాత్రమే.

పరుగునకు ముందు

పరుగులో ప్రతి అడుగునకు పాదముపై పడు భారము దేహపు బరువునకు రెండు మూడు రెట్లు ఉండును. 60 కిలోల యువకుని కాలు ప్రతిసారియు 120 నుండి 180 కిలోల తాకిడిని ఓర్చుకొనవలెను. 1,600 మీటర్లలో వెయ్యికి పైగా అడుగులు పడును. దీనివలన పిక్కలు, తొడ వెనుక కండరములు, తుంటి ముందుభాగము క్రమముగా బిగిసిపోవును. బిగిసిన పిక్క మడమను లాగును. బిగిసిన తుంటి నడుమును వంచును. చాలమంది మోకాలి నొప్పి అని చెప్పుకొనుదానికి మూలము మోకాలికి పైననో క్రిందనో ఉండును.

ఇట్టి కండరములను సాగదీయవలసినదే. కాని సమయము తెలియవలెను. పరుగునకు ముందు ఒక ఆసనములో నిమిషమునకు మించి నిలిచి కండరమును సాగదీసినచో కొంతసేపు దాని బలము తగ్గునని నేటి క్రీడాశాస్త్రము గుర్తించినది. కావున పరుగునకు ముందు కదలిక కలిగిన సాధన, పరుగు పిమ్మట నిలకడ కలిగిన సాధన అని రెండుగా విభజించుకొనవలెను.

ముందుగా ఐదు నిమిషములు నడువవలెను. పిమ్మట తాడాసనములో నిలిచి, శ్వాస తీసికొనుచు మడమలెత్తి, విడుచుచు దించుట పదిసార్లు చేయవలెను. దీనివలన పిక్కలు మేలుకొనును. తరువాత సూర్యనమస్కారములు నాలుగు మొదలు ఆరు ఆవృత్తులు, ఏ స్థితిలోను ఎక్కువసేపు ఆగక, శ్వాసతో కలిపి చేయవలెను. ఉత్కటాసనములో కుర్చీలో కూర్చున్నట్లు తొడలు వంచి మూడు శ్వాసలు నిలిచి లేచుట ఐదుసార్లు చేసినచో తొడలకు బలము కలుగును. చివరగా వృక్షాసనములో ఒక్కొక్క కాలిపై అర నిమిషము నిలువవలెను. పరుగనునది ఒక కాలి నుండి మరొక కాలికి దూకుట. ఒంటికాలిపై స్థిరముగా నిలువలేనివాని చీలమండ గతుకుల దారిలో మడతపడును. ఇదంతయు పావుగంటలో ముగియును.

పరుగు ముగిసిన పిమ్మట

గీత దాటినంతనే కూలబడరాదు. ఐదు నిమిషములు నడచి గుండె వేగమును తగ్గనీయవలెను. పిమ్మట క్రింది ఆసనములను ఒక్కొక్క వైపు అర నిమిషము మొదలు నిమిషము వరకు చేయవలెను. సాగిన భావము కలుగవలెను, నొప్పి కలుగరాదు.

అధోముఖ శ్వానాసనములో చేతులు, పాదములు నేలపై ఉంచి నడుమును పైకెత్తవలెను. ఒక మోకాలిని కొద్దిగా వంచి రెండవ మడమను నేలవైపు నొక్కినచో పిక్క బాగుగా సాగును.

ఆంజనేయాసనములో ఒక పాదమును ముందుంచి, వెనుక మోకాలిని మడత దుప్పటిపై ఆనించి, తుంటిని మెల్లగా ముందుకు జరుపవలెను. సముద్రమును లంఘించిన వాయునందనుని పేరు గల ఈ ఆసనము కుర్చీలోను మోటారు సైకిలుపైను గంటలు గడుపువారికి మిక్కిలి అవసరము. వారి తుంటి ముందుభాగము ఎల్లప్పుడు ముడుచుకొనియే ఉండును.

సుప్త పాదాంగుష్ఠాసనములో వెల్లకిల పండుకొని, తువ్వాలును పాదమునకు తగిలించి, కాలిని పైకెత్తవలెను. మోకాలు కొద్దిగా వంగినను దోషము లేదు. అలసిన నడుముతో నిలువబడి ముందుకు వంగుట కంటె ఇది క్షేమకరము.

సేతుబంధాసనములో మోకాళ్లు మడిచి వెల్లకిల పండుకొని నడుమును ఎత్తి ఐదు శ్వాసలు నిలువవలెను. పిరుదుల కండరములు బలపడినచో మోకాలిపై భారము తగ్గును. దీనిని పరుగు లేని దినములలోను చేయవచ్చును.

పద్మాసనము రాలేదని చిన్నబుచ్చుకొనవలసిన పని లేదు. పరుగెత్తువారి తుంట్లు సహజముగా బిగువుగా ఉండును. తుంటి తిరుగనప్పుడు పాదమును బలవంతముగా లాగినచో ఆ మెలిక మోకాలిపై పడును. అట్టివారు బద్ధకోణాసనములో అరికాళ్లు కలిపి కూర్చుండుట మేలు. మోకాలి నొప్పి ఉన్నవారు వజ్రాసనమును కూడ మానవలెను.

కడపట గోడకు కాళ్లు ఆనించి ఐదు నిమిషములు, పిమ్మట శవాసనములో ఐదు నిమిషములు ఉండవలెను. శవాసనములో పాదము నుండి నొసటి వరకు ఒక్కొక్క అంగమును బిగించి విడువవలెను. బిగింపు ఎట్లుండునో, విడుపు ఎట్లుండునో దేహము ఇచ్చట నేర్చుకొనును. మూడవ చుట్టులో భుజములు లేచినప్పుడు వాటిని దించుకొను తెలివి ఈ ఐదు నిమిషములలోనే పుట్టినది. తొందరలో శవాసనమును విడిచి లేచిపోవువారు పాఠములోని ముఖ్యభాగమును విడిచినవారగుదురు.

శ్వాసయు నామమును

నెమ్మదిగా పరుగెత్తునప్పుడు ముక్కుతో శ్వాసించుట మంచిది. ముక్కు దుమ్మును వడపోయును, గాలిని వెచ్చజేయును. వేగము పెరిగినప్పుడు నోరు తెరచుకొనుట సహజము. దానిని బలవంతముగా ఆపరాదు.

శ్వాసను అడుగులతో కలుపుటకు సులభమైన మార్గము భక్తుల నాలుకపైనే ఉన్నది. గోవింద నామములో మూడక్షరములు కలవు. మూడడుగులకు ఒక నామముగా శ్వాస తీసికొనుచు, మరి మూడడుగులకు ఒక నామముగా విడుచుచు సాగినచో శ్వాస తనంతట లయకు వచ్చును. ఈ నామము కొలత కూడ అగును. పరుగెత్తుచునే నామమును పైకి పలుకగలిగినచో శ్రమ హద్దులో ఉన్నదని అర్థము. పలుకుట కష్టమైనచో హద్దు దాటినదని అర్థము. వారములో ఎక్కువ దినములు పలుకగలిగిన వేగముననే పరుగెత్తి, ఒకటి రెండు దినములు మాత్రమే వేగముగా పరుగెత్తువారు గాయములు లేక చాలకాలము సాగుదురు. వారమునకు వారమునకు దూరమును పదవ వంతునకు మించి పెంచరాదని శిక్షకులు చెప్పుదురు.

ఇంటిలో నాడీశోధనమును ఐదు నిమిషములు, రెండు నాసికలకు సమానమైన కాలముతో చేయవలెను. క్రొత్తవారు కుంభకము జోలికి పోరాదు. పరీక్షకు ముందు కలుగు భయమునకు భ్రామరి మంచిది. దీర్ఘముగా విడుచు శ్వాస వలన గుండె నెమ్మదించును. కపాలభాతి భోజనము చేసిన పిమ్మట చేయరాదు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారును, గర్భిణులును దానిని మానవలెను.

గాలిని గమనించుట

ప్రాణాయామమును గూర్చి చెప్పి గాలిని గూర్చి చెప్పకుండుట ఈ ప్రాంతమున తగదు. నక్కవాగు పరీవాహకములో నీరు, నేల చెడిపోవుటపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశములోని పారిశ్రామిక ప్రాంతములను పరిశీలించి తీవ్రముగా కలుషితమైనవానిని గుర్తింపగా, పటాన్‌చెరు–బొల్లారము ఆ పట్టికలో చేరినది. గాలిని శుభ్రపరచు బాధ్యత పరిశ్రమలది, ప్రభుత్వములది. ఏ ఆసనమును, ఏ ప్రాణాయామమును ఆ బాధ్యతకు బదులు కాజాలదు. గాలి బాగుపడు వరకు పరుగెత్తువాడు తన ఊపిరిని తాను కాపాడుకొనవలెను.

విశ్రాంతిగా ఉన్న మనుష్యుడు నిమిషమునకు ఆరు మొదలు ఎనిమిది లీటర్ల గాలి పీల్చును. వేగముగా పరుగెత్తునప్పుడు అది పది రెట్లకు పెరుగును. గాలిలో పొగ ఉన్నచో అదియు అంత పెరిగి ఊపిరితిత్తులలోనికి పోవును. బ్రాహ్మీముహూర్తమున లేచుట సత్సంప్రదాయమే. కాని కార్తీకము మొదలు మాఘము వరకు తెల్లవారుజామున నేలకు దగ్గరి గాలి చల్లబడి బరువెక్కి, పైనున్న వెచ్చని గాలి మూతవలె కప్పుటచే పొగ క్రిందనే నిలిచిపోవును. సూర్యుడు పైకి వచ్చి నేల వేడెక్కిన పిమ్మట ఆ మూత తొలగును. కావున చలికాలమున తెల్లవారుజామును జపమునకు, ఇంటిలోని ఆసనములకు కేటాయించి, ఎండ వచ్చిన తరువాత పరుగెత్తుట యుక్తము. వేసవిలో ఎండదెబ్బ ముఖ్యము గనుక అప్పుడు తెల్లవారుజామే మేలు.

జాతీయ రహదారి అంచున పరుగెత్తరాదు. లారీల పొగ దారి నుండి దూరము పోవుకొలది పలుచబడును. కొన్ని వందల మీటర్లు లోపలికి పోయినను చాల భేదముండును. రసాయనపు వాసన వచ్చిన దినమున, కండ్లు మండిన దినమున పరుగు మానవలెను. ఆ దినము కిటికీలు మూసి ఆసనములు చేసికొనుట దోషము కాదు, వివేకము. ఉబ్బసము ఉన్నవారు ఈ విషయమున మరింత జాగ్రత్త వహింపవలెను.

ఆహారము, నిద్ర, ఉపవాసము

గీతాచార్యుడు ఆరవ అధ్యాయములో అతిగా తినువానికిని, ఏమియు తిననివానికిని, అతిగా నిద్రించువానికిని, నిద్ర మానువానికిని యోగము సిద్ధించదని బోధించెను. రాత్రి షిఫ్టు ముగించి తిన్నగా మైదానమునకు పోవు యువకునకు ఈ బోధ సూటిగా తగులును. నిద్ర లేని దేహములో కండరము బాగుపడదు, గుండెకు విశ్రాంతి దొరకదు. అట్టివాడు ఇంటికి వచ్చి, కొద్దిగా తిని, గోడకు కాళ్లానించి ఐదు నిమిషములు ఉండి నిద్రపోవలెను. లేచిన పిమ్మట సాయంత్రము పరుగెత్తవలెను. షిఫ్టు మారిన మొదటి రెండు దినములలో వేగపు పరుగు పెట్టుకొనరాదు.

ఏకాదశి ఉపవాసమున్నవారు ఆ దినమున కఠినమైన పరుగు మాని నడకతోను ఆసనములతోను తృప్తిపడవలెను. ద్వాదశి పారణ చేసిన వెంటనే పరుగెత్తరాదు. రెండు మూడు గంటల వ్యవధి ఉండవలెను. వేసవిలో చెమటతో ఉప్పు కూడ పోవును గనుక ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, పెరుగు అను ఇంటి భోజనము సాధకునకు చాలును. త్వరగా ఫలితము కోరి ఎవరో ఇచ్చిన మాత్రలను, సూదిమందులను వాడువాడు దేహమును కుదువ పెట్టినవాడగును.

కొన్ని గుర్తులు కనబడినప్పుడు సాధన ఆపి వైద్యుని వద్దకు పోవలెను. పరుగులో ఛాతీ నొప్పి వచ్చినను, స్పృహ తప్పినను, గుండె లయ తప్పినట్లు తోచినను ఉపేక్షింపరాదు. వంశములో చిన్న వయస్సుననే హఠాత్తుగా మరణించినవారు ఉన్నచో కఠినమైన పరుగు మొదలుపెట్టక మునుపే గుండె పరీక్ష చేయించుకొనవలెను. మోకాలి క్రింది ఎముకపై ఒకే చోట వ్రేలితో నొక్కినప్పుడు నొప్పి పుట్టి, విశ్రాంతిలోను తగ్గనిచో ఎముకలో సన్నని పగులు ఉండవచ్చును. జ్వరము ఉన్నప్పుడు పరుగు పనికిరాదు. ఈ స్థితులలో ఆసనములతో నయము చేసికొనబోవుట యోగము అనిపించుకొనదు.

కొండ మెట్లపై

మైదానమునకు పోని గృహస్థులకును ఈ పాఠము పనికివచ్చును. అలిపిరి నుండి తిరుమలకు 3,550 మెట్లు. జీవితమున పరుగెత్తనివారు కూడ ఆ మెట్లు ఎక్కవలెనని మ్రొక్కుకొందురు. ప్రయాణమునకు ఆరు వారముల ముందు నుండి దినమునకు అరగంట నడక, తాడాసనములో మడమలెత్తుట, ఉత్కటాసనము, పిక్కలను సాగదీయుట అలవరచుకొనినచో మ్రొక్కు భారము కాదు. గుండె జబ్బు, ఉబ్బసము ఉన్నవారు వైద్యుని అనుమతి లేక మెట్లదారి పట్టరాదు. మెట్టుపై పాదము మొత్తము ఆనించి ఎక్కవలెను. దిగునప్పుడు తొడలకు, మోకాళ్లకు శ్రమ ఎక్కువ గనుక తొందర కూడదు.

తరతరములుగా యాత్రికులు గోవిందా అని ఎలుగెత్తి పిలుచుచు ఆ మెట్లు ఎక్కుచున్నారు. ఆ పిలుపు భక్తి. అదియే వారి శ్వాసకు తూకము కూడ. గొంతు ఆడనంత ఆయాసము వచ్చినప్పుడు పెద్దలు మెట్టుపై కూర్చుందురు. ఊపిరి నిలిచిన పిమ్మట మరల నామముతోనే లేతురు. శక్తికి తగినట్లే సాగుచున్నదా అను ప్రశ్నకు వారు అడుగడుగునను సమాధానము చెప్పుకొనుచు పోవుదురు.

సంగారెడ్డి మైదానములో 108 సెకన్ల చుట్టును అభ్యసించు యువకునకును, యువతికిని కావలసినది ఆ తెలివియే. నియామకము ఈసారి కాకున్న మరొకసారి రావచ్చును. దేహము మాత్రము ఒక్కటే. దానిని శేషుని వలె బలముగాను, మెత్తగాను ఉంచుకొనినవారు నాలుగవ చుట్టును నిలకడగా ముగింతురు. గీత దాటిన పిమ్మట తమ కాళ్లపై తాము నడచి ఇల్లు చేరుదురు. వాకిట ఎదురుచూచు తల్లికి ఆ రాకయే మొదటి ఫలము.